కౌంటరు అక్క ఆఖరి షాటు

చెవి వెనక అంటిన నల్లరంగును ఆమె దూదితో తుడుచుకుంటోంది. మేకప్ ఆవిడ పక్కనే బ్రష్షు పట్టుకుని, వెయ్యాలో మానాలో తేలక నిలబడింది. పాత సినిమాల్లో ఉన్నట్టే కనబడాలి, నెరిసిన జుట్టంతా నల్లగా చేసెయ్యండి అని నిర్మాత ఆఫీసు నుంచి చెప్పి పంపారట.

"గుర్తుపట్టేవాళ్ళు మొహం చూసే గుర్తుపడతారులే. నువ్వు ముడి గట్టిగా వెయ్యి, చాలు," అంది ఆమె.

పొట్టి మనిషి. వెడల్పాటి అరచేతులు, బిగువైన భుజాలు. ఎడమ కనుబొమ్మ కుడిదానికంటే కాస్త పైకి ఉండడం వల్ల, ఊరికే కూర్చున్నా ఎదుటివాణ్ణి 'ఏం కావాలి?' అని నిలదీస్తున్నట్టే ఉంటుంది. ఆ కనుబొమ్మే ఆమెకు ఇన్నేళ్ళు కూడు పెట్టింది.

ముప్ఫై ఏళ్ళ కిందట, ఆ గూఢచారి సినిమాల్లో మొదటిది తీస్తున్నప్పుడు, ఆమె గుంపులో నిలబడే మనిషి. కౌంటరు దగ్గర ఉండవలసిన నటికి జ్వరం వచ్చింది. బూడిదరంగు కోటు ఎవరికి సరిపోతుందా అని వెతుక్కుంటూ వచ్చిన సహాయ దర్శకుడు ఆ కనుబొమ్మ చూసి ఆగిపోయాడు. పని చిన్నదే. రహస్య కార్యాలయం నేలమాళిగలో, ఇనుప జాలీ వెనక, ఆయుధాల కౌంటరు. హీరో వస్తాడు. ఆమె పిస్తోలు ముందుకు తోసి, "తిరిగి తెచ్చివ్వండి," అనాలి. కెమెరా తిరిగేసరికి ఆమె, "ఈసారైనా తిరిగి తెచ్చివ్వండి," అంది. ఆ 'ఈసారైనా' కాగితం మీద లేదు, ఆమె నోటి నుంచి ఊడిపడింది. హాల్లో జనం పడీపడీ నవ్వారు.

ఆ తరవాత ప్రతి సినిమాలోనూ ఆమె ఉంది. హీరో ఏనాడూ తిరిగి తెచ్చివ్వలేదు. ఒకసారి పిస్తోలు సముద్రంలో పడింది, ఒకసారి రైలుతో పాటు కాలిపోయింది, ఒకసారి విలన్ కూతురికి గుర్తుగా ఇచ్చేసి వచ్చాడు. హీరోలూ నిలవలేదు. మొదటాయనకు వయసొచ్చింది. రెండో ఆయనకు పొట్ట వచ్చింది. మూడో ఆయనకు వైరాగ్యం వచ్చింది. నాలుగో ఆయనకు నిర్మాతతో పేచీ వచ్చింది. ఫోన్లు సన్నబడ్డాయి, కార్లు ఈత నేర్చాయి. కౌంటరు మాత్రం ఉన్నచోటే ఉంది.

సినిమాకూ సినిమాకూ మధ్య ఆమె ఎవరో ఒకరు. ఆసుపత్రిలో ట్రే పట్టుకున్న నర్సు, బస్సులో కిటికీ పక్క మనిషి, కేక వినబడగానే తలుపు తీసి చూసే పక్కింటావిడ. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. ఆయన మసి గుడ్డలు, ఈమె పౌడరు చీరలు ఒకే దండెం మీద ఆరాయి. ఇద్దరు కూతుళ్ళ చదువులు, పెళ్ళిళ్ళు ఆ దండెం కిందే గడిచాయి. పక్కింటివాళ్ళు నిచ్చెన ఎరువిచ్చినా, అల్లుడు గొడుగు చేతికిచ్చినా 'ఈసారైనా' అని మొదలుపెట్టి నవ్వేవారు. ఆమె పేరు చాలామందికి తెలియదు. అందరికీ కౌంటరు అక్క.

ముడి పూర్తవుతుండగా ఆ రోజు సీను కాగితాలు వచ్చాయి. కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ముసుగులు వేసుకున్న నలుగురు తుపాకులతో నేలమాళిగలోకి వస్తారు. ఆమె కెవ్వున అరిచి, కౌంటరు వదిలి తలుపు వైపు పరిగెత్తుతుంది. వీపులో గుండు దిగుతుంది. నేల మీద పడి, 'ఈసారైనా...' అంటూ కళ్ళు మూస్తుంది. వెనక పాత సంగీతం. తరవాత కౌంటరు తగలబడుతుంది. కొత్త కార్యాలయం, కొత్త హీరో, అంతా కొత్త.

మేకప్ ఆవిడ భుజం మీదుగా చదివి నొచ్చుకుంది. కౌంటరు అక్క కాగితాలు మడిచి, పుట్టాక గిట్టక తప్పుతుందా, సినిమాలో అయినా అంతేగా అంది. కోటు తొడుక్కుంటూ మాత్రం రెండుసార్లు ఆగింది. చావు మింగుడుపడింది. పరుగే గొంతులో అడ్డుపడింది.

దర్శకుడు ముప్ఫై దాటినవాడు, పలచటి గడ్డం, నిద్ర లేని కళ్ళు. ఇంత పెద్ద సినిమా అతనికి ఇదే మొదలు. ఎలా పరిగెత్తాలో, ఎక్కడ పడాలో అతను చూపిస్తుంటే ఆమె ఊ కొట్టింది. కెమెరా తిరిగింది. ముసుగులవాళ్ళు అరుస్తూ వచ్చారు. ఆమె కదల్లేదు. ఆపి మళ్ళీ తీశారు. మళ్ళీ కదల్లేదు.

దర్శకుడు జాలీ దగ్గరికి వచ్చాడు. "కాలు నొప్పిగా ఉందా అమ్మా? డూపును పెడదామా?"

"కాలు బాగానే ఉంది బాబూ. ఈవిడ పరిగెత్తదు."

"ఎవరు?"

"ఈవిడ," అని కోటు మీద చెయ్యి వేసుకుంది.

అతను విసుక్కోలేదు. చిన్నప్పుడు తనూ, అన్నయ్యా పెన్సిలు ఇచ్చిపుచ్చుకున్నా ఆమె మాటే అనుకునేవాళ్ళమని చెప్పాడు. ఇప్పుడు ఒక పక్క పాతది ముట్టుకోవద్దంటున్నారు, మరో పక్క పాత చింతకాయపచ్చడి ఇంకెన్నాళ్ళంటున్నారు, మధ్యలో తను అడకత్తెరలో పోకచెక్కయ్యానని చెప్పుకున్నాడు. పెద్దవాళ్ళు ఏడవాలి, కుర్రాళ్ళు ఉలిక్కిపడాలి. అందుకే ఈ చావు రాశానన్నాడు. రాసిన రోజు తనకూ ముద్ద దిగలేదన్నాడు. ఆమె నమ్మింది. నమ్మింది కాబట్టే గొంతు పెంచలేదు.

"చంపొద్దని నేను అనట్లేదు. పాతది జరిగితేనే కొత్తదానికి చోటు. కానీ ఇన్నేళ్ళు ఇక్కడ నిలబడ్డ మనిషి నలుగురు తుపాకులు చూపించగానే పరుగందుకుంటే, ఇన్నాళ్ళూ నిలబడింది ధైర్యంతో కాదు, బెదిరించేవాడు లేక అని తేలుతుంది."

"పోనీ, ఆ డైలాగయినా..."

"అది మనవాడితో అనే మాట. దొంగలతో ఎందుకంటుంది? ఈలల కోసమా?"

అతను గడ్డం గీరుకుని, సరే, రెండు రకాలుగానూ తీద్దాం, తరవాత చూసుకుందాం అన్నాడు.

"నా దగ్గర ఒక్క చావే ఉంది బాబూ."

వెనక నుంచి ప్రొడక్షన్ మేనేజరు కల్పించుకున్నాడు. వీపే కదా కనబడేది, నెరిసిన జుట్టున్న ఎవరినో ఒకరిని పరిగెత్తిస్తే సరి, ఇలాంటి మొండిమనిషిని ఇకపై ఏ సినిమాకూ పిలవక్కర్లేదని అందరికీ వినబడేలా అన్నాడు. ఈ వయసులో ఆ మాటకు అర్థం ఆమెకు తెలుసు. నర్సు వేషం ఉండదు, బస్సు కిటికీ ఉండదు. ఇంట్లో ఆ దండెం కింద కూర్చోవడమే.

"పెట్టుకోండి. కోటు ఇచ్చేస్తాను," అని పై బొత్తాం విప్పింది. రెండోది విప్పింది. సెట్లో లైట్లవాళ్ళు కూడా పని ఆపి చూస్తున్నారు. మూడో బొత్తాం మీద వేళ్ళు పడేసరికి దర్శకుడు చెయ్యి ఎత్తాడు.

"ఆగండమ్మా. పరుగు వద్దు. అయితే వాళ్ళతో ఏమంటుంది?"

"వాళ్ళు వస్తే తెలుస్తుంది."

అతను మేనేజరు వైపు చూడకుండానే కెమెరా దగ్గరికి నడిచాడు. ఆమె బొత్తాలు పెట్టుకుంది.

ముసుగులవాళ్ళు వచ్చారు. ముందున్నవాడు తుపాకీ మడమతో జాలీ మీద బాదాడు. ఆమె తల ఎత్తి నలుగురినీ ఒక్కొక్కరినే చూసింది. ఎడమ కనుబొమ్మ ఇంకాస్త లేచింది.

"తోసుకోకండి. వరుసలో రండి," అంది.

చివర ఉన్న ముసుగువాడు, తను చేస్తున్నదేమిటో తెలియకుండానే, ముందువాడి వెనక్కి జరిగి నిలబడ్డాడు. కొన్ని నెలల తరవాత హాల్లో జనం నవ్వడం మొదలుపెట్టి, సగంలో ఆపేసింది ఇక్కడే. తుపాకీ పేలింది. ఆమె అరవలేదు. ఇటు వాలకుండా, అటు తూలకుండా, రెండు అరచేతులూ కౌంటరు బల్ల మీద ఆనించి, నిలువునా కిందికి దిగిపోయింది. చివర్న వేళ్ళు జారాయి. ఖాళీ జాలీ మీద కెమెరా అలాగే ఉండిపోయింది. ఆపమని చెప్పవలసినవాడు కళ్ళు తుడుచుకుంటూ ఆ మాట మరిచిపోయాడు.

ఇంకొకటి తీద్దామా అని మేనేజరు అడిగితే, దర్శకుడు వద్దన్నాడు.

ఆమె మొహం కడుక్కుంది. ఎర్రరంగు అంటిన కోటు మడతపెట్టి అప్పగించింది. దర్శకుడు గుమ్మం దాకా వచ్చి ఏదో అనబోతే, వెళ్ళి అన్నం తిను బాబూ అని భుజం తట్టింది. గేటు బయట, ఆమె ఫోనులో చెప్పగా సీను సంగతి విన్న భర్త స్కూటరు మీద ఎదురుచూస్తున్నాడు.

"చంపేశారా?" అన్నాడు.

"చంపేశారు."

"ఏడ్చావా?"

"నేనెందుకు ఏడుస్తాను? చంపినవాళ్ళే ఏడ్చారు," అని వెనక ఎక్కి కూర్చుంది.

తగలబెట్టే సీను బయట మైదానంలో తీయడానికి, లోపల సెట్టు విప్పడం అప్పుడే మొదలైంది. జాలీ మేకులు ఊడదీశారు, బల్ల ఎత్తి పక్కకు మోశారు. దాని వెనక, ఇన్ని సినిమాల్లో ఒక్కసారైనా కెమెరా చూడని చోట, మడమల దగ్గర అరిగి, వేళ్ళ గుంటలు పడిన, ఆమె కౌంటరులో వేసుకునే పాత రబ్బరు చెప్పుల జత ఉంది, తలుపుకు వీపు పెట్టి, కౌంటరు వైపే తిరిగి.