కత్తెర చప్పుడు

మూడో చొక్కాకి అయిదో కాజా కుడుతూ కాజాలక్క చెవులు రిక్కించింది. వెనక బల్ల మీద మాస్టారి కత్తెర ఆగకుండా సాగుతోంది. ఒకే ఊపున వెళ్లి, చంక దగ్గర కాస్త మెల్లగా తిరిగి, మళ్లీ పరుగు. ఆ చప్పుడు విని నాలుగు నెలలైంది. అమ్మయ్య, అనుకుంది.

ఆ దర్జీ షాపులో మనిషి ఎలా ఉన్నాడో మొహం చూసి చెప్పరు, చప్పుడు విని చెబుతారు. మిషను తడబడితే ఇంట్లో గొడవైనట్టు, కత్తెర ఆగి ఆగి నడిస్తే జ్వరమొచ్చినట్టు. ఇరవై రెండేళ్లుగా అక్కడ బట్ట కత్తిరిస్తున్న మాస్టారు నోట్లో నాలుక లేని మనిషి. వచ్చినవాళ్లందరి కొలతలూ నోటికి చెబుతాడు గానీ తన చొక్కా మాత్రం ఎప్పుడూ వదులే. అలాంటివాడు ఈ నాలుగు నెలలూ సుద్దముక్క పట్టుకుని, ఒక్క గీత గీయలేక, బట్ట ముందు గంటలకొద్దీ నిలబడిపోయేవాడు. ఇంటికెళితే గోడవైపు తిరిగి పడుకునేవాడట. మిషన్లవాళ్లు బద్ధకమన్నారు. ఓనరు వయసన్నాడు. కాజాలక్క రక్తం తక్కువైందని తేల్చేసి పాలు తాగమంది. ఇది మనసుకొచ్చిన జబ్బని గట్టిగా నమ్మింది భార్య ఒక్కతే. నెల్లాళ్లు ఎదురుచూస్తే ఈరోజు నాలుగింటికి డాక్టరు రమ్మన్నాడు.

మాస్టారేమో పొద్దున్నే గడ్డం గీసుకుని, షాపు తెరవకముందే వచ్చి కూర్చున్నాడు. పేరుకుపోయిన బట్టంతా తెగుతోంది. పైగా హాస్యాలు కూడాను. కాజాలక్క కుట్టిన కాజాలో బొత్తాం కాదు, బస్సు దూరుతుందన్నాడు. షాపంతా పగలబడి నవ్వింది. భోజనాలయ్యాక ఆమెను బల్ల దగ్గరికి పిలిచి, ఎవర్నీ తాకనివ్వని కత్తెర చేతికిచ్చి, కాలరు కత్తిరించడం నేర్పాడు.

"నాకెందుకు మాస్టారూ ఇప్పుడు?"

"నీ చెయ్యి వణకదమ్మా. నీకొస్తుంది."

ఆమె పొంగిపోయింది.

రెండున్నరకి మాస్టారి భార్య ఫోన్ చేసింది. డాక్టరు దగ్గరికి రానంటున్నాడు, నేనే వచ్చి లాక్కెళతాను, ఎలా ఉన్నాడు అని అడిగింది. కాజాలక్క జవాబు చెప్పకుండా ఫోన్‌ను కత్తెర వైపు పట్టుకుంది.

"విన్నారా వదినగారూ? మనిషి బంగారంలా ఉన్నాడు. ఇంత మంచి రోజున ఆసుపత్రి గోలెందుకు, వచ్చేవారం చూపించుకోవచ్చు."

అవతల ఆవిడ సంతోషంతో ఏడ్చేసింది. ఇక రాలేదు.

మూడింటికి మాస్టారు టేపు చుట్టి పక్కన పెట్టి, టీ తాగొస్తానని వెళ్లాడు.

ఆరింటికి అతని బావమరిది ఫోన్ చేశాడు. ఓనరు విని, దగ్గర్లో ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. మాస్టారు లేడట, ప్రాణం తనే తీసుకున్నాడట. మిషన్లన్నీ ఆగిపోయాయి. పొద్దున నవ్వాడుగా, అన్నారెవరో. కాజాలక్కకి సూది వేల్లో దిగిన సంగతే తెలియలేదు. వద్దన్నది తనే. ఆ ఇల్లాలు వస్తానంటే ఆపింది తనే. ఇంతకాలం చెవులనే నమ్ముకుంది. ఆ చప్పుడు కోలుకున్న మనిషిది కాదు, ఇక చాలనుకుని తేల్చేసుకున్న మనిషిది. రెండూ ఒక్కలాగే వినిపిస్తాయని ఆమెకి ఎవరు చెప్పారు?

"నేనే వద్దన్నాను," అంది పైకి. ఎవరికీ అర్థం కాలేదు.

లేచి బల్ల దగ్గరికి వెళ్లింది. వచ్చే పన్నెండు రోజుల బట్ట కత్తిరించి, మూటలు కట్టి, పేర్లు రాసి ఉంది. మాస్టారి ఎత్తుకి చేయించిన బల్ల అది, ఆమెకి గుండెల దాకా వస్తుంది. ఇంకాస్త దగ్గరికి జరగబోతే కాలికేదో తగిలింది. మధ్యాహ్నం అది అక్కడ లేదు. జానెడు ఎత్తు చెక్కపీట, అంచులు గరుకు లేకుండా నున్నగా రుద్ది, పాదాలు నొప్పెట్టకుండా పైన మెత్తటి లైనింగు గుడ్డ కొట్టి ఉంది.