అత్తగారి అరువు మోకాళ్లు

కోడలు మిషన్ తొక్కుతుంటే అత్తగారు పక్కన కూర్చుని గుండీలు కుట్టేది. కొడుకు పోయాక ఆ ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే. కోడలు దర్జీ. అత్తగారికి తొంభై దాటాయి, మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి.

ఏడాదికోసారి నర్సమ్మ వచ్చేది. తొంభై దాటినవాళ్లు ఏ పని చేసుకోగలరో, ఏది చేతకాదో రాసుకునే పరిశోధన ఆవిడ పనిచేసే వృద్ధుల కేంద్రం వాళ్లది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమనేది, గది చివరిదాకా నడవమనేది. లేవలేనివాళ్లని ఆ కేంద్రానికి పట్టుకుపోతారని వీధిలో ఓ పుకారు. అందుకే ఆ రోజుకి కోడలు తన మోకాళ్లు అత్తగారికి అరువిచ్చేది. "తీసుకోండి" అంటే వెళ్లిపోయేవి, బదులుగా అత్తగారి నొప్పి మోకాళ్లు కోడలికొచ్చేవి. సాయంత్రం అత్తగారు "ఇదిగో, నీవి నీకు" అంటే ఎవరివి వాళ్లకి వచ్చేసేవి. పక్కింటికి పంచదార అరువిచ్చినట్టే, అందులో వింతేముంది?

ఈసారీ అత్తగారు టకటకా లేచి నడిచింది. "పోయినేటికంటే బాగున్నారే!" అని నర్సమ్మ ఇద్దరి వంకా అదోలా చూసి వెళ్లింది.

సాయంత్రమైంది. మోకాళ్లు రాలేదు.

"అత్తయ్యా, నావి?"

"ఇస్తాలేవే. ఎక్కడికి పారిపోతాయి?"

మర్నాడూ అదే మాట. పైగా మధ్యాహ్నం కాగానే చెప్పులేసుకుని ఎక్కడికో పోయేది. అడిగితే "గాలికి" అనేది. కోడలికి మంచం దిగడమే గగనమైపోయింది, ఇక మిషనేం తొక్కుతుంది? ఆ వయసులో ఈవిడకి షికార్లేమిటి? రుచి మరిగిందా? ఆ నర్సమ్మతో ఏమైనా మంతనాలా? తనని మంచాన పడేసి, ఆ కేంద్రం వాళ్లకి అప్పజెప్పేస్తుందా ఏం ఖర్మ? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు మరి!

ఒకరోజు పొద్దున నోరు జారింది. "దీన్ని దొంగతనం అంటారు అత్తయ్యా!"

అత్తగారు గుండీల డబ్బా పక్కన పెట్టింది. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

కోడలు పాత చొక్కా కాలరు విప్పుతుండగా ఉన్నట్టుండి నొప్పి పోయింది. మోకాళ్లు తిరిగొచ్చేశాయి! అంటే ముసలావిడ ఎక్కడో కూలబడినట్టే. నడిరోడ్డు మీదా? చొక్కా పక్కన పడేసి లేచింది. అంతలో ఫోన్ మోగింది. నర్సమ్మ.

"మీ అత్తగారు మా కేంద్రంలో ఉన్నారండీ. వారం నుంచీ వచ్చి గదులు చూసుకుపోతున్నారు. ఇవాళ ఒక మంచం ఇమ్మన్నారు. 'నాకు చేసీ చేసీ కోడలు అరిగిపోతోంది, నా అంతట నేనే వచ్చేస్తే దాన్ని ఎవరూ మాటనరు' అంటున్నారు. నడిచొచ్చిన మనిషి, కుర్చీలో కూర్చుని 'ఇదిగో, నీవి నీకు' అని ఏదో గొణిగి, ఇప్పుడు లేవలేకపోతున్నారు, అదే అర్థం కావట్లేదు."

కోడలు పరిగెత్తింది. దారంతా ఏడుస్తూనే పరిగెత్తింది.

అత్తగారు కిటికీ పక్క కుర్చీలో ఉంది. "ఎందుకొచ్చావే? ఆ బట్టలన్నీ ఎవరు కుడతారు?"

"మీరు లేకపోతే నేనెవరిమీద అరవాలి? లేవండి."

"దేంతో లేవనే?"

కోడలు ఆలోచనలో పడింది. ఇన్నేళ్లూ ఇస్తే రెండూ ఇవ్వడం, పుచ్చుకుంటే రెండూ పుచ్చుకోవడం తప్ప ఇంకో దారి ఇద్దరికీ తట్టనే లేదు.

"కుడిది మీరు తీసుకోండి. ఎడమది నాకుంచండి."

ఎవర్ని పరీక్షించాలో తెలీక నర్సమ్మ అలాగే నిలబడిపోయింది. అత్తా కోడలూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కుంటుకుంటూ, దెబ్బలాడుకుంటూ గేటు దాటారు.