వీధి మలుపు దాకా

టైలరమ్మ ఇంట్లో ఒక పుస్తకం ఉండేది. ఎవరో మహానుభావుడు సముద్రాల అవతలి దేశానికి వెళ్ళి, అక్కడ పడ్డ పాట్లన్నీ కడుపుబ్బ నవ్వేలా రాసిన పుస్తకం. కరెంటు పోయినప్పుడల్లా ఆమె భర్త కొవ్వొత్తి వెలిగించి అది చదివేవాడు. చదవడమంటే ఊరికే చదవడం కాదు, ఆ దేశపు టిక్కెట్ల గుమాస్తాలా గొణిగేవాడు, హోటలు యజమానురాలిలా మూతి ముడిచేవాడు. కరెంటు వచ్చినా ఎవరూ లేచి లైటు వేసేవారు కాదు.

ఆయన పోయాక ఆ ఇంట్లో అంత నవ్వు మళ్ళీ వినపడలేదు. టైలరమ్మ పుస్తకాన్ని లైనింగు గుడ్డల బీరువాలో దాచుకుని, మనసు బాగాలేనప్పుడు ఓ నాలుగు పేజీలు తిరగేసేది. ఆ దేశం ఎక్కడుందో మ్యాపులో చూపించమంటే చూపించలేకపోయేది గానీ, అక్కడివాళ్ళంత తమాషా మనుషులు భూమ్మీద లేరని మాత్రం గట్టిగా నమ్మేది.

ఓడలో మెకానిక్కుగా పనిచేసే కొడుకు సరిగ్గా ఆ దేశం పిల్లనే పెళ్ళి చేసుకొచ్చాడు. తల్లికి అప్పగించి మళ్ళీ ఓడెక్కాడు. ఇక ఆ పిల్లకి ఇక్కడ అత్తగారు తప్ప దిక్కు లేదు.

కోడలు మంచిది. భాష మొగుడి దగ్గర నేర్చుకుంది, తొందరపడకుండా ఒక్కో మాటా చూసుకుని మాట్లాడేది. కాజాలు కుట్టడం ఒకసారి చూపిస్తే పట్టేసింది. చిక్కల్లా ఒక్కటే. ఇంటికొచ్చిన మనిషి వెళ్తుంటే ఆమె కూడా బయల్దేరేది. గుమ్మం దగ్గర సెలవు చెప్పేది, గేటు దగ్గర మళ్ళీ చెప్పేది, వీధి మలుపు దాకా వెళ్ళి ఆ మనిషి కనుమరుగయ్యేవరకు చెయ్యి ఊపేది. బొత్తాం కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళకైనా సరే, ఇదే మర్యాద.

మొదటిసారి అది చూసినప్పుడు టైలరమ్మ నోట్లో గుండుసూదులు ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే పగలబడి నవ్వేది. ఎందుకంటే అచ్చం ఇదే పుస్తకంలో ఉంది. ఆ రచయితని ఒక ఇంట్లో భోజనానికి పిలుస్తారు. తిరిగి వెళ్తుంటే ఇంటిల్లిపాదీ సాగనంపుతూ సాగనంపుతూ స్టేషను దాకా వచ్చి, ఆయన రైలు కాస్తా తప్పించి, మళ్ళీ ఇంటికే పట్టుకుపోతారు. ఆ ఘట్టం చదివేటప్పుడు భర్త చెయ్యి ఊపుకుంటూ గదంతా వెనక్కి వెనక్కి నడిచేవాడు.

"ఎందుకమ్మా అంత దూరం?" అని అడిగిందొకసారి.

"మా దగ్గర అంతే అత్తయ్యా. వెళ్ళేవాళ్ళకి వెనకాల తలుపేసిన చప్పుడు వినపడకూడదు. 'ఇక నీతో పని లేదు' అన్నట్టుంటుంది కదా. నేను వచ్చేటప్పుడు మా అమ్మ రేవు చివరిదాకా వచ్చింది."

అంత చక్కగా చెప్తే మాత్రం ఏం లాభం? ఈ మాట పుస్తకంలో లేదు. రచయితగారికి తెలియదో, తెలిసినా నవ్వు చెడుతుందని వదిలేశాడో. టైలరమ్మ వింది, తలూపింది. మర్నాడు ఆ వీధిలోనే ఉండే లెక్కల టీచరు జాకెట్టు కొలతలకి వస్తే రైలు తప్పిన కథ ఒక్కటే చెప్పింది, తలుపు చప్పుడు సంగతి చెప్పలేదు.

లెక్కల టీచరు నోట్లో పడ్డాక ఏ మాటైనా వీధిన పడ్డట్టే. జనం పనిగట్టుకుని రావడం మొదలుపెట్టారు. మలుపు దాకా వెళ్ళి, గొడుగు మరిచిపోయామని వెనక్కొచ్చి, మళ్ళీ బయల్దేరేవాళ్ళు. పిల్ల పాపం మళ్ళీ మలుపు దాకా. ముందుగదిలోని కుట్టు కొట్లో ఒకటే నవ్వులు. తనంటే అందరికీ ఇష్టమనుకుని ఆమె కూడా నవ్వేది. అప్పుడు టైలరమ్మకి లోపలెక్కడో చురుక్కుమనేది. కానీ ఎన్నాళ్ళకి వచ్చింది ఆ ఇంటికి నవ్వు! ఆపడానికి మనసొప్పలేదు.

ఒకరోజు లెక్కల టీచరు, "ఆ పుస్తకం తియ్యండి, ఒక్కసారి చదివి వినిపించండి" అని పట్టుబట్టింది. కోడలు మార్కెట్టుకి వెళ్ళిందనే అనుకుంది టైలరమ్మ. పుస్తకం తీసింది. మొదట మామూలుగానే చదివింది. రెండు పేజీలు తిరిగేసరికి గొంతులోకి భర్త గొంతు వచ్చేసింది. లేచి నిలబడింది, చెయ్యి ఊపుకుంటూ వెనక్కి వెనక్కి నడిచింది. చివర్లో పుస్తకంలో లేనిదొకటి తనే కలిపింది. కోడలి యాసలో, "గొడుగు మర్చిపోయారా? రండి, మళ్ళీ సాగనంపుతా!" అంది. టీచరు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ కుర్చీలోంచి జారిపోయింది.

వెనక్కి నడుస్తున్న టైలరమ్మ వీపు ట్రయల్ గది తెరకి తగిలింది. తెర పక్కకి జరిగింది. లోపల కోడలు ఇస్త్రీ పెట్టె పట్టుకుని నిలబడి ఉంది.

టైలరమ్మకి తల కొట్టేసినట్టయింది. కోడలు బయటికొచ్చింది. ఇస్త్రీ చేసిన జాకెట్టు మడతపెట్టి టీచరు చేతికిచ్చి, "వెళ్ళిరండి" అని లోపలికి వెళ్ళిపోయింది. టీచరు గుమ్మంలో కాసేపు ఎదురుచూసి, ఒక్కతే వెళ్ళింది.

సాయంత్రం టైలరమ్మ ధైర్యం కూడగట్టుకుని, "అమ్మా, ఆ పుస్తకం..." అని మొదలుపెట్టింది.

"బాగా రాశాడు అత్తయ్యా. నాకూ నవ్వొచ్చింది. మా ఊళ్ళో మా అమ్మ తమ్ముడు అచ్చం అలాగే చేస్తాడు," అంది కోడలు కాజా మీంచి తలెత్తకుండా. "నేను కూడా అలా కనపడతానని తెలీదు, అంతే."

తిట్టినా బావుండేదనిపించింది టైలరమ్మకి. కారణం తెలియక నవ్విన వీధిని క్షమించొచ్చు. తను తెలిసి నవ్వింది, నవ్వించింది.

మర్నాడు గుడ్డ కొనడానికి టైలరమ్మే బయల్దేరింది. రోజూ అయితే మలుపు దాకా పక్కన అడుగులు వినపడేవి. ఈరోజు "వెళ్ళిరండి అత్తయ్యా" అన్న మాట లోపల్నుంచే వచ్చింది. గేటు తీస్తుండగానే వెనకాల తలుపేసిన చప్పుడు వినపడింది. మెల్లగా, మర్యాదగానే వేసింది. అయినా టైలరమ్మకి అడుగు పడలేదు. ఎక్కడికెళ్తోందో కూడా గుర్తురాక గేటు పట్టుకుని నిలబడిపోయింది.

ఆ తర్వాత కోడలు దారాల కోసం సంచీ తీసుకున్నప్పుడు టైలరమ్మ మిషన్ ఆపి లేచింది. గుమ్మం దగ్గర "వెళ్ళిరా అమ్మా" అంది. గేటు దగ్గర మళ్ళీ అంది. కోడలు ఆశ్చర్యంగా చూసి నడక సాగించింది. మోకాళ్ళ నొప్పితో కుంటుకుంటూ టైలరమ్మ కూడా నడిచింది. మలుపు దగ్గర లెక్కల టీచరు ఎదురై, "ఏంటి టైలరమ్మా, మీకూ అంటుకుందా?" అని విరగబడి నవ్వింది. పక్క కొట్టువాళ్ళు కూడా నవ్వారు.

కోడలు ఆగింది. అత్తగారి మోచెయ్యి పట్టుకుని ఇంటివైపు తిప్పి, మెల్లగా చెప్పింది.

"ఇంట్లోకి వెళ్ళండి అత్తయ్యా. మిమ్మల్ని చూసి నవ్వుతారు."

చెప్పి ముందుకు నడిచింది. టైలరమ్మ కదల్లేదు. చెయ్యి ఎత్తి అలాగే ఉంచి, కోడలు వెనక్కి తిరుగుతుందేమోనని చూస్తూ నిలబడింది.