సాసరులో ఎనిమిది మేకులు

నలుగు పిండిని బిడ్డగా మలచు తల్లి,
చేతి పనిలోని మహిమను చెప్పినట్టి
అమ్మ పార్వతి! నీ దయ నందజేసి
కథను నడిపింపు మెల్లగా గంటమూని.

ఆ తల్లి తన చేతులతో బిడ్డను చేసుకున్ననాడు మగడు ఇంట లేడు. తిరిగివచ్చినవాడు వాకిట నిలిచిన బిడ్డను ఎరగడు. ఎవరు చేసిన బిడ్డవని ఒక్కమాట అడిగి ఉంటే ఆనాటి అనర్థం తప్పేది. ఈ కథ కూడా అడగని ఒక ప్రశ్న గురించే. కాకపోతే ఇందులో తలలు తెగవు.

"డోరీ! మేకులు బల్ల మీద పెట్టాను, చూడు!"

గ్యారేజీ తలుపు సందులోంచి కేకేసి, జవాబు కోసం ఆగకుండా తలుపు మూసుకున్నాడు వేన్ హౌగెన్. అతని భార్య డోరిన్ సింకు దగ్గర నిలబడి కాసరోల్ వండిన గిన్నె అడుగున మాడిన చీజును గీకుతోంది. కిటికీ అవతల సుపీరియర్ సరస్సు మీది గాలి మంచును అడ్డంగా విసురుతోంది. చేతులు తుడుచుకుని తిరిగి చూస్తే, నీలం అంచు సాసరులో ఎనిమిది మేకులు. నాలుగు తమ కూతురు ఇంగ్రిడ్ బండికి, నాలుగు, తండ్రుల పందెంలో వేన్ దింపే సొంత బండికి.

ఆ ఊళ్లో కబ్ స్కౌట్ అనే బాలదళం పిల్లలకు ఏటా చలికాలంలో పైన్‌వుడ్ డెర్బీ జరుగుతుంది. ప్రతి బిడ్డకూ ఒకే రకం పెట్టె ఇస్తారు: జానెడు పైన్ చెక్క, నాలుగు ప్లాస్టిక్ చక్రాలు, ఇరుసులుగా నాలుగు మేకులు. ఇంటి పెద్దల సాయంతో దాన్ని బండిగా చెక్కి, అయిదు ఔన్సులు మించకుండా తూచి, చర్చి కింది హాలులో వాలు బల్ల మీది నుంచి వదలాలి. ఇంజను ఉండదు, తోసే చేయి ఉండదు. వాలే దాని బలం, నునుపే దాని వేగం.

పెద్దవాడు కోడీ స్కౌట్లలో ఉన్న అయిదేళ్లూ హౌగెన్‌ల బండే గెలిచింది. అయిదు కప్పులు చలిమంట గూటి పైన వరుసగా నిలిచాయి. వాటి కింద ఇత్తడి రేకుల మీద తండ్రి పేరు, కొడుకు పేరు చెక్కి ఉన్నాయి. వాటి మీది దుమ్మును వారానికొకసారి తుడిచేది డోరిన్. "మా వేన్‌ది వాళ్ల నాన్న చేయి. చెక్కను ముట్టుకుంటే చాలు, పరిగెడుతుంది," అనేది అత్తగారు అర్డిస్, వచ్చినప్పుడల్లా. రహస్యమేమిటని తోటి తండ్రులు అడిగితే వేన్ కూడా దాపరికం లేకుండా చెప్పేవాడు: "ఏముందయ్యా, ముక్కు కత్తిలా ఉండాలి, అంతే." అతడు అబద్ధమాడేవాడు కాదు. నిజంగా అలాగే నమ్మేవాడు. మేకుల సంగతి అతనికి ఎన్నడూ పనిలా తోచలేదు. "ఆ రుద్దుడు నావల్ల కాదు, డోరీ. నీకైతే ఓపిక ఎక్కువ," అని మొదటి ఏడు సాసరు పెట్టి వెళ్లాడు. రెండో ఏడు ఆ మాట కూడా అనలేదు. సాసరు మాత్రం వచ్చింది.

రుద్దుడు. గిన్నెలూ, నేలా, పసివాళ్ల మోకాళ్ల మట్టీ, మేకులూ, అన్నిటికీ ఆ ఇంట ఒక్కటే మాట. డోరిన్‌కు బయట కూడా రుద్దుడే జీవిక. పళ్ల డాక్టరు గది వెనుక, కిటికీ లేని చిన్న గదిలో పదిహేడేళ్లుగా ఆమె పంటి క్యాపులు తయారుచేస్తోంది. పన్ను ఆకారం చెక్కి, రంగు కలిపి, గరుకు పోయేదాకా సానపడుతుంది. నాలుక కన్న కఠినమైన పరీక్షకుడు లేడు. నోట్లో వెంట్రుక పడితే దానికి దూలం పడ్డట్టే. ఆ నాలుకను ఒప్పించగల నునుపు ఆమె వేళ్లకు తెలుసు. తలుపు అవతల ఒక ముసలమ్మ కొత్త పళ్లతో నవ్వి, "డాక్టర్, మీవి దేవుడి చేతులు!" అనడం ఎన్నోసార్లు విన్నది. ఆ మాట వినబడినప్పుడల్లా దేవుడి చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్లీ సాన మీదికి వంగేవి. పాలసముద్రాన్ని చిలికిననాడు మందరగిరి గిర్రున తిరిగింది కూర్మం వీపు మీద. చిలికినవారిని అందరూ చూశారు. నీళ్ల అడుగున ఉన్నదాన్ని చూసినవారెవరు? ఆ తాబేలుకు కోపం వచ్చిందని ఏ పురాణమూ చెప్పలేదు. డోరిన్‌కూ వచ్చేది కాదు. కోపం కాదది, రాయి తగిలినట్టు కాదు, చెప్పులో ఇసుక పడ్డట్టు. నడవగలం, మరవలేం.

గ్యారేజీ తలుపు ధడాలున తెరుచుకుంది. ఎనిమిదేళ్ల ఇంగ్రిడ్ చెక్కముక్కను గుండెకు హత్తుకుని వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైందే?"

"నాన్న నా బండిని కూడా కత్తిలా కోస్తాడట. నాకు కత్తి వద్దు. నాకు నాన్న బండి కావాలి. ముందర పార ఉండే బండి."

వేన్ కౌంటీ రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతాడు. వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మురిసిపోయాడో, విసుక్కున్నాడో అతనికే తెలియని ముఖం.

"చెప్పు డోరీ దీనికి. అంత పార ముందర పెట్టుకుంటే గాలికి ఆగిపోదూ? చిట్టచివర వస్తుంది. అప్పుడు ఏడుస్తుంది."

"ఏడవను!" అంది పిల్ల, ఏడుస్తూ.

అంతలో అతని రేడియో గరగరమంది. మంచు తుఫాను వస్తోంది, లారీలన్నీ రోడ్డెక్కాలి. కోటు తొడుక్కుంటూ, "సరే, నేను లేనప్పుడు మీ ఇష్టం. ఆ మేకులు మాత్రం మరిచిపోకు," అని వెళ్లిపోయాడు.

ఇంగ్రిడ్ బల్ల దగ్గర కూలబడింది. "ఈ మేకులతో నువ్వేం చేస్తావమ్మా?"

కోడీ ఈ ప్రశ్న అయిదేళ్లలో అడగలేదు. డోరిన్ ఒక మేకు తీసి పిల్ల చేతిలో పెట్టింది. "తల కింద గోరుతో గీరి చూడు."

"ఏదో తగులుతోంది."

"అదే బండిని వెనక్కి లాగే దొంగ."

ఆ మేకుకు చక్రం తొడిగి వేలితో తిప్పింది. ఇంగ్రిడ్ లెక్కపెట్టింది. ఎనిమిదికి చక్రం ఆగిపోయింది. అప్పుడు డోరిన్ మేకును డ్రిల్లుకు బిగించి, తల కింది గరుకును ఆకురాయితో తీసి, తడిపిన ఉప్పుకాగితాన్ని ముతకదాని తరువాత సన్నదిగా, సన్నదాని తరువాత మరీ సన్నదిగా ఆనించింది. చివర పళ్లకు వాడే పాలిష్. మేకు పాదరసంలా మెరిసింది. జారడానికి గ్రాఫైట్ పొడి చల్లి మళ్లీ చక్రం తిప్పింది. ఇంగ్రిడ్ ముప్ఫై ఒకటి దాకా లెక్కపెట్టి, నోరు తెరుచుకుని ఆగిపోయింది. చక్రం ఇంకా తిరుగుతోంది.

"అమ్మా... అయితే కోడీ కార్లు గెలిపించింది నువ్వా?"

'అందరం కలిసి చేశాం నాన్నా' అనే జవాబు అలవాటుగా గొంతులోకి వచ్చింది. మంచి జవాబు. ఆ ఇంట్లో అందరినీ చల్లగా ఉంచిన జవాబు. కానీ పిల్ల కళ్లు తన ముఖం మీద లేవు, తన చేతుల మీద ఉన్నాయి. ఇప్పుడు తాను ఏమంటే ఆ పిల్ల రేపు తన చేతుల గురించి అదే అంటుంది. చక్రం మెల్లగా ఆగింది.

"అవును," అంది డోరిన్. "ఎక్కువ వంతు నేనే."

ఆ మాట అని, తానే ఉలిక్కిపడింది. ఇల్లు కూలలేదు. ఫ్రిజ్ ఎప్పటిలాగే గుర్రుమంటోంది.

రెండు శనివారాలు తుఫాను ఆగలేదు. వేన్ రోడ్ల మీదే ఉన్నాడు. తల్లీకూతుళ్లు చేతి రంపంతో చెక్కను లారీగా కోశారు. కాఫీ డబ్బా రేకు వంచి పార చేశారు. తాతగారి గాలాల పెట్టెలోని సీసం గుండ్లను వెనక భాగంలో పొదిగారు. ఇంగ్రిడ్ రెండు మేకులు తానే సానపట్టింది; మొదటిది చెడింది, దుకాణంలో మరొకటి కొన్నారు. నారింజ రంగు వేశారు. వేన్ బండికని మిగిలిన నాలుగు మేకులను డోరిన్ రుద్దకుండా సాసరులోనే ఉంచింది.

పందెం నాటి ఉదయం వేన్ నిద్రకళ్లతో వచ్చి వాటిని తన బండికి దిగగొడుతుంటే ఆమె చెప్పింది: "వేన్, ఆ నాలుగూ నేను ముట్టుకోలేదు."

"ఊఁ, ఊఁ. సరే," అన్నాడు, రేడియో చెవికి ఆనించుకుని.

చర్చి కింది హాలులో కాఫీ వాసన, తడి బూట్ల వాసన. తూకం బల్ల దగ్గర హార్డ్‌వేర్ దుకాణం హార్లన్, స్కౌటు చొక్కా పొట్ట మీద బిగుసుకుని, ఇంగ్రిడ్ బండిని తక్కెడ మీద పెట్టాడు. అంకెలు అయిదు దాటి ఇంకో మూడు వందో వంతులు పైకి పోయాయి.

"రంగు ఎక్కువైంది, పాపా. దానికేం, ఆ పార పీకేస్తే సరిపోతుంది."

ఇంగ్రిడ్ రెండు చేతులతో బండిని కప్పేసింది. "పార తీస్తే అది మా నాన్న బండే కాదు!"

"అయితే మీ నాన్నను పిలువు, ఏదో చూస్తాడు."

"డ్రిల్లు ఇలా ఇవ్వు, హార్లన్," అంది డోరిన్.

"మిసెస్ హౌగెన్, జాగ్రత్త! ఇది పళ్లు పీకడం కాదు!" అని హార్లన్ నవ్వాడు. వెనక నిలబడ్డ నలుగురు తండ్రులూ నవ్వారు.

"పీకేది డాక్టరు. నేను చేసేదాన్ని."

బండిని బోర్లించి, సీసానికి తగలకుండా, పైకి పొడుచుకు రాకుండా, అడుగున చెక్కలో రెండు గుంటలు తవ్వింది. పొట్టు ఊది తక్కెడ మీద పెట్టింది. సరిగ్గా అయిదు. నవ్వు ఆగింది.

హార్లన్ దగ్గి కార్డు తీశాడు. "సాయం చేసినవారు..." అంటూ అలవాటు చొప్పున వేన్ పేరు రాయబోయాడు.

"కాదు. అమ్మ," అంది ఇంగ్రిడ్. "మేకులు అమ్మా నేనూ. కోడీవైతే అన్నీ అమ్మే. అయిదేళ్లూ అమ్మే."

పిల్లల గొంతుకు మైకు అక్కర్లేదు. నిమ్మ మిఠాయి బిళ్లల పళ్లెం పట్టుకుని పక్కనే నిలబడిన అత్తగారు అర్డిస్ కోడలి వంక చూసింది. ఏదో ఒక విసురు వస్తుందని డోరిన్ భుజాలు బిగించుకుంది. ముసలావిడ పళ్లెం దించి, గొంతు తగ్గించి అంది: "మా ఆయన గాలాలని ఊరంతా కొనుక్కుపోయేవారు చూడు, ఆ ఈకల గాలాలు... అవి కట్టింది నేనే. ముప్ఫై ఏళ్లు."

"మీరెప్పుడూ చెప్పలేదే, అర్డిస్!"

"ఎవరైనా అడిగితేగా. ఇదిగో, బిళ్ల తిను. ఎముకల పోగులా ఉన్నావు."

తండ్రుల పందెం ముందు జరిగింది. వేన్ బండి, కత్తిలాంటి ముక్కుతో, నల్లగా నిగనిగలాడుతూ బయలుదేరి, సగం దారిలో నీరసించి, అందరికన్న చివర ఈడ్చుకుంటూ వచ్చింది. హాలంతా "అయ్యో వేన్! మంచు పడిందా దారిలో?" అని గోలపెట్టింది. అతడు నవ్వలేదు. బండిని తిరగేసి, ఒక చక్రాన్ని పక్కకు జరిపి, మేకు తల కింద బొటనవేలి గోరు పెట్టి గీరాడు. చాలాసేపు గీరాడు. తరువాత తలెత్తి, జనం మీదుగా భార్యను చూశాడు.

ఇంగ్రిడ్ నారింజ బండి పారను ముందు పెట్టుకుని, గాలిని తోసుకుంటూ, ఒకటి కాదు, నాలుగు పరుగులు గెలిచింది. అయిదోదానిలో చక్రం వెడల్పు తేడాతో ఓడి రెండో కప్పు తెచ్చుకుంది. పారే వద్దన్న తండ్రి అందరికన్న పెద్దగా ఈల వేశాడు.

మరునాడు ఆదివారం మధ్యాహ్నం. డోరిన్ గిన్నెలు తోముతుంటే వేన్ వంటింట్లోకి వచ్చాడు. నీలం అంచు సాసరును బల్ల మీద పెట్టాడు. అందులో అతని బండి నుంచి ఊడదీసిన నాలుగు మేకులు.

"అయిదేళ్లూనా, డోరీ?"

"అయిదేళ్లూ."

"చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు. అది నీ తప్పు. నేనూ చెప్పలేదు. అది నాది."

అతడు టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. గూటి మీది కప్పుల వైపు చూసి, చూపు మరల్చుకున్నాడు. "వచ్చే నెల జిల్లా పందెంలో పెద్దవాళ్ల బండ్లు కూడా ఉన్నాయట. మరి... ఇవి చేస్తావా?"

ఈసారి అడిగాడు. అడిగినందుకు ఆమె గుండె మెత్తబడింది. ఎప్పటిలా సరేననడానికి అదే చాలేది. డోరిన్ తడి చేతులు తుడుచుకుంది. కుర్చీ ఒకటి జరిపింది. ఉప్పుకాగితాల సొరుగు లాగింది. సగం తోమిన గిన్నె సింకులోనే ఉంది. తోమే పీచు తీసి సింకు అంచున, అతని చేతికి అందేలా పెట్టింది.

"చేయను, వేన్," అంది ప్రేమగా. "నేర్పుతాను. ముందు ఆ గిన్నె తోము. రుద్దడం చేతికి తెలియాలి."

ఈ కథ చదివిన ఇంటికీ, చదవగా విన్నవారికీ ఆ జగన్మాత మేలు చేయుగాక. చేసిన చేతికి పేరు దక్కుగాక, చేయని చేతికి పని అబ్బుగాక. అడగవలసిన ప్రశ్న ఆలస్యంగానైనా నోటికి వచ్చుగాక. అందరి ఇరుసులూ నునుపై, అందరి బిడ్డల బండ్లూ గమ్యం చేరుగాక.