టిక్కుల్లేని మీట

శుక్రవారం లోపు చెయ్యాల్సిన పనులని నోటు పుస్తకంలో ఇలా రాసుకున్నాను:

సైకిలుకు ముందున్న నలభై ఆరు పళ్ళ చక్రం విప్పేసి, ఇరవై ఎనిమిది పళ్ళది బిగించాలి.
వెనక ఏడు గేర్ల గుత్తి మార్చాలి. కొత్త గుత్తిలో అన్నిటికన్నా పెద్దదానికి ముప్పై నాలుగు పళ్ళుండాలి.
చైను కొలిచి, మిగిలిన లింకులు తియ్యాలి.
పిన్నిని మెట్లెక్కనివ్వకూడదు.
పిన్నికి ధైర్యం చెప్పాలి.

చివరి పనిని పిన్నే చదివి, అడ్డంగా కొట్టేసి, పక్కన "ముందు నువ్వు తెచ్చుకో" అని రాసింది.

మా పిన్ని ఉత్తరాలు పంచుతుంది. కొండ మీది నలభై ఒక్క ఇళ్ళూ పద్దెనిమిదేళ్ళుగా ఆమెవే. ఏ ఇంట్లో ఏ కుక్క ఏ కాలు పట్టుకుంటుందో కూడా ఆమెకు తెలుసు. ఈ ఏడాది మోకాలు మొరాయించింది. గట్టిగా తొక్కితే చాలు, పాత తలుపులా కిర్రుమంటుంది. సంగతి పోస్టాఫీసులో తెలిసింది. అక్కడి సూపర్‌వైజరును అందరూ కొలబద్ద అంటారు. ఆయన ప్రతి పనికీ ఒక నియమం రాస్తాడు. పిన్ని కోసం కూడా ఒకటి రాశాడు: సంచి నిండా ఉత్తరాలతో, సైకిలు దిగకుండా, కాలు నేల మీద ఆనించకుండా కింది పోస్టు పెట్టె నుంచి పై పోస్టు పెట్టె దాకా ఎక్కాలి. శనివారం పొద్దున పరీక్ష. ఎక్కలేకపోతే కొండ ఇంకొకరికి, పిన్నికి కౌంటరులో కుర్చీ.

"కుర్చీలో కూర్చుని ముద్రలు కొట్టాలంటే నేను గోడ దూకి పారిపోతా" అంది పిన్ని. నవ్వుతూనే అంది కానీ, ఆ రోజు అన్నం సగంలోనే వదిలేసింది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. అదీ యంత్రాల చదువు. అందుకని భారం నా మీద వేసుకున్నాను. లెక్క సులువే. పాత సైకిల్లో అన్నిటికన్నా తేలిక గేరు వేసి పెడలు ఒక చుట్టు తిప్పినా వెనక చక్రం దాదాపు రెండు చుట్లు తిరుగుతుంది. ఎత్తు మీద అది మోకాలికి శిక్షే. నా లెక్క ప్రకారం మారిస్తే ఒక్క చుట్టు కూడా తిరగదు. బండి నెమ్మదిగా వెళ్తుంది, కాలికి మాత్రం హాయి. వెనక చైనును ఒక పళ్ళ చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే పాత చెయ్యి అంత పెద్దదాన్ని అందుకోలేదు. అందుకని విరిగిపోయిన ఒక కొండదారి సైకిలు నుంచి పొడుగాటి చెయ్యి ఊడదీసి తెచ్చాను. ఆ చేతిని వైరుతో లాగే మీట, హ్యాండిలు మీదిది, మాత్రం పాతదే ఉంచాను. కాగితం మీద అంతా అద్దంలా ఉంది.

శుక్రవారం పొద్దున పిన్ని ఎక్కి చూసింది. మీట టిక్కుమంది. చైను కదిలింది కానీ పక్క చక్రం మీదికి చేరలేదు. మళ్ళీ టిక్కు. ఈసారి రెండు చక్రాల మధ్య నిలబడి గరగరలాడింది. మూడో టిక్కుకు పిన్ని సైకిలుతో సహా ఎదురింటి కంచెలో ఉంది.

"ఏమే ఇంజినీరమ్మా," అంది ఆకుల్లోంచి, "మీ పుస్తకాల్లో కంచెల పాఠం లేదా?"

నాకు ఏడుపు వచ్చింది. ఆమె జుట్టులో కొమ్మ చూసేసరికి నవ్వు కూడా వచ్చింది. రెండూ కలిసి ఎక్కిళ్ళయ్యాయి. ఎక్కిళ్ళతోనే సైకిలు తోసుకుంటూ మామ్మ కొట్టుకి వెళ్ళాం.

మామ్మ మాకు చుట్టం కాదు. వీధి చివర సైకిళ్ళు బాగుచేసే పెద్దావిడ, అందరికీ మామ్మే. నోట్లో నాలుగే పళ్ళు, కానీ ఏ చక్రానికి ఎన్ని పళ్ళో వేలితో తడిమి చెప్పేస్తుంది. మా సైకిలు చుట్టూ ఒకసారి తిరిగింది.

"చక్రాలు బాగా ఎంచావు పిల్లా. చైను కూడా సరిగ్గా కొలిచావు."

"మరి ఎందుకు పడ్డాను మామ్మా?" అంది పిన్ని.

"ఈ పిల్ల ఇద్దరు వియ్యపురాళ్ళని ఒకే పొయ్యి దగ్గర నిలబెట్టింది. ఈ మీట ఒక కాలంది, ఆ చెయ్యి ఇంకో కాలంది. మీట టిక్కుమని లాగే వైరు ఆ చేతికి చాలదు. మీట అడుగు వెయ్యమంటే చెయ్యి ముప్పావు అడుగే వేస్తుంది. ఏ చదువులోనూ రాదులే, చేతులు నల్లబడితే వస్తుంది."

రేకు డబ్బాలోంచి ఒక పాత మీట తీసింది. బొటనవేలంత ఉంది. అటూ ఇటూ తిప్పి చూశాను. టిక్కులే లేవు!

"పాడైపోయిందా మామ్మా?"

"నీ మొహం! దాని కాలంలో టిక్కులెక్కడివి? దీనికి ఎవరి లెక్కలతోనూ పని లేదు. ఎంత జరిపితే అంత లాగుతుంది. గరగరలాడితే ఇంకాస్త జరుపు, మెత్తబడితే ఆపు. అంతే. చెవులున్నాయిగా నీకు?"

"ఈయన గారి గురక మధ్య ఇరవై ఏళ్ళు నిద్రపోయాను మామ్మా," అంది పిన్ని మా బాబాయిని తలుచుకుని, "గరగర ఎప్పుడు మెత్తబడుతుందో నాకు చెప్పాలా?"

సాయంత్రం దాకా ముగ్గురం నవ్వుతూనే ఉన్నాం. మామ్మ బిగించింది. పిన్ని వీధిలో ముప్పై సార్లు తిరిగింది.

శనివారం పొద్దున కొలబద్ద గారు ఆమె కాళ్ళను దగ్గరనుంచి చూడాలని పక్కనే నడిచారు. వెనక నేను. మొదటి మలుపు దాకా బాగానే ఉంది. పిన్ని కాళ్ళు మిక్సీలా తిరుగుతున్నాయి, సైకిలు మాత్రం పెళ్ళినడక నడుస్తోంది. పొద్దున్నే పరుగుకు వచ్చిన ఒక పెద్దాయన మమ్మల్ని దాటుకుంటూ, "ఏమ్మా, పంక్చరా?" అన్నాడు.

"కాదండీ, ప్రమోషను!" అంది పిన్ని.

రెండో మలుపు బాగా నిటారు. అక్కడ అన్నిటికన్నా పెద్ద చక్రం మీదికి చైను ఎక్కాలి. పిన్ని మీట జరిపింది. గర్రుమంది. సైకిలు ఊగింది. ఆమె కాలు పెడలు మీంచి లేవబోయింది. పిన్ని తల కాస్త వంచి, విని, మీటను గోరంత జరిపింది. గరగర ఆగింది. కాలు పెడలు మీదే ఉండిపోయింది.

అప్పటికి కొలబద్ద గారు చెమటతో తడిసిపోయారు. "అమ్మా... కాస్త... ఒక్క నిమిషం ఆగమ్మా!"

"ఆగితే కాలు పెట్టాలి సార్! రూలు మీదే!"

పై పోస్టు పెట్టె దగ్గరికి పిన్ని ముందు చేరింది, నేను తర్వాత, ఆయన చాలా తర్వాత. నేను గెంతుతున్నాను. పిన్ని గంట మోగిస్తూనే ఉంది. ఆయన గట్టు మీద కూలబడి, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని, "కొండ నీదేనమ్మా," అన్నారు.

అక్కడే రిపోర్టు కూడా రాశారు. "సైకిలు మార్పులు: అభ్యర్థి అక్క కూతురు, ఇంజనీరింగ్ పట్టభద్రురాలు" అని రాశారు. మామ్మ గురించి చెప్పాను. ఆ ఫారంలో ఒక్క పేరుకే చోటుందన్నారు. కొట్టుకి వెళ్ళి మామ్మకు ఈ సంగతి చెబితే, "పేరేం చేసుకుంటానే, ఉతుక్కుంటానా? చైనుకు నూనె పెట్టావా లేదా?" అంది.

ఆ కాగితం ఇప్పటికీ ఆఫీసు ఫైల్లో నా పేరుతోనే ఉంది. ఇది చదివిన మీరైనా అది మామ్మ పని అని గుర్తుపెట్టుకోండి.