భ్రమరాంబ సంఖ్య

భ్రమరాంబ గాజువాక హైస్కూల్లో లెక్కల టీచరు. ఆ వేసవి సెలవుల్లో ఆవిడకో వింత సంఖ్య తట్టింది. 73939133. వెనకనుంచి ఒక్కో అంకే చెరిపేస్తూ రండి. 7393913, 739391, 73939... చివరికి ఏడు మిగిలేదాకా ప్రతిదీ ప్రధాన సంఖ్యే, ఒకటీ తనూ తప్ప ఇంక దేనికీ లొంగని రకం! జిల్లా టీచర్ల సదస్సులో దాన్ని బోర్డు మీద తన చేత్తో రాయాలని ఎంత ఆశపడిందో.

ఏడంకెలదాకా తనే తేల్చుకుంది. ఎనిమిదో అంకె చేరాక మాత్రం ఒంటిచేతి పని కాదు. ఎనిమిదివేల ఆరువందల లోపు ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి, అదీ చేత్తో. సాయానికి కామేశ్వరి ఉండనే ఉంది. ఆవిడా అక్కడే లెక్కలు చెబుతుంది, కాకినాడ మనిషి, మొగుడికి స్టీలు ప్లాంటు కట్టే చోట ఉద్యోగం. ఇద్దరూ ఒకే క్యారేజీలో తింటూ "వదినా" అంటే "వదినా" అనుకునేవాళ్లు. ఐదువేల లోపువి భ్రమరాంబ తీసుకుంది, పైవి కామేశ్వరికిచ్చింది.

భ్రమరాంబ వంతులో ఒక్కదానితోనూ శేషం లేకుండా పోలేదు. ఆ సంబరంలో ఉండగానే కామేశ్వరి వచ్చి పక్కన కూలబడింది.

"కొంప మునిగిందొదినా! 7411తో నిశ్శేషంగా పోయింది. ఇంక దాని సంగతి మర్చిపో."

"అయ్యో! ఏటి సేత్తాం వదినా, మన రాత," అని కళ్లు తుడుచుకుంది పిచ్చితల్లి.

ఆ ఒక్క భాగహారం తను చేసి చూసుకుంటే ఎంతసేపు? చూసుకోలేదు. ఒకరు దిద్దిన పేపరు ఇంకొకరు తిరగదిద్దితే మొహాన ఉమ్మినట్టేనని ఆ స్టాఫ్ రూములో మర్యాద. వదిన చూసిందంటే చూసినట్టే.

సదస్సు రోజున కామేశ్వరి వేదికెక్కి, "ఇది నాకు తట్టిన సంఖ్య," అంటూ బోర్డు మీద 73939133 రాసింది. హాలంతా చప్పట్లు. భ్రమరాంబ ఆహ్వానపత్రిక వెనక దాన్ని 7411తో భాగించింది. శేషం 6997. అంత మిగులు పెట్టుకుని నిశ్శేషమంటుందా మహాతల్లి! నమ్మించి గొంతు కోయడమంటే ఇదే కదూ!

వరండాలో ఏడుస్తూనే కామేశ్వరిని నిలదీసింది. "నా పక్కన కూకుని నా కూడు తిన్నావు గదే! పోనాదని నాతో ఎందుకన్నావు?"

కామేశ్వరి తాపీగా చేతుల సుద్ద దులుపుకుంది. "సంఖ్య ఎవరైనా అనుకుంటారు. రుజువు కావాలి. మొత్తం భాగించింది నేను."

"మొత్తమా? ఐదువేల లోపువి నాను సెయ్యలేదేటి?"

"చేశావులే. అవన్నీ మళ్లీ మొదట్నుంచీ నేనే చేసుకున్నాను. నువ్వు చేశానంటే నమ్మి ఊరుకుంటానా ఏంటి?"

భ్రమరాంబ ఏడుపు టక్కున ఆగిపోయింది. సంఖ్య పోయినందుకు కూడా ఇంత నొప్పి పుట్టలేదు.

"కాస్త పక్కకి జరగండి కామేశ్వరి గారూ," అంది, "నేను వెళ్లాలి."