ఖాదర్‌బాషా పేరున ఒక ఆకు

పెద్దల అమావాస్యకు ఈసారి మా ఇంట్లో రెండు ఆకులు వేస్తానన్నాను. ఒకటి మా ఆయన గంగప్పకు, ఇంకొకటి ఖాదర్‌బాషాకు. పుంగనూరులో ఉన్న మా బంధువులందరికీ ఒళ్ళు మండింది.

మండితే మండనీ, నాకేం? కరోనా రెండోసారి వచ్చి దేశమంతా శ్మశానాల ముందు వరసలు కట్టిన ఆ మే నెలలో, మా ఆయన మదనపల్లె ఆస్పత్రిలో పోయాడు. నేను జ్వరంతో మంచం దిగలేని స్థితి. పిల్లలు లేరు. ఆయన సొంత అన్న, మా బావ చెంగల్రాయుడు ఫోన్ ఎత్తలేదు. ఆటో నడుపుకునే ఖాదర్‌బాషా, మాకు ఏమీ కాని మనిషి, శవాన్ని పుంగనూరుకు తెచ్చి, కట్టెలు పేర్చి, కొరివి కూడా తనే పెట్టాడు. పన్నెండో రోజుకు అదే జబ్బుతో ఆయనా పోయాడు. ఆ తర్వాత ఏటా మా బావ వచ్చి టెంకాయ కొట్టి, సుష్టుగా తిని పోతున్నాడు. నేను నోరు మూసుకుని వడ్డించాను. ఇక నా వల్ల కాలేదు.

ఖాదర్‌బాషా భార్య రేష్మ ఇప్పుడు కుప్పంలో పుట్టింట్లో ఉంటోంది. రమ్మంటే పొద్దున బస్సుకే వచ్చింది, వచ్చి గడపలోనే ఆగిపోయింది. ఖాదర్‌బాషా ఫోటోను మా ఆయన ఫోటో పక్కన పెట్టి, బంతిపూల దండ వేసి, నుదుట ఇంత కుంకుమ బొట్టు పెట్టి ఉన్నాను. ఎంత బాగుందో అని మురిసిపోయాను కూడా, నా మొహానికి.

"అక్కా, ఏమనుకోవద్దు," అంది రేష్మ. "మాలో పోయినోళ్ళకి దండెయ్యరు, బొట్టు పెట్టరు. ఆయనుండింటే ఒప్పుకోడు. తీసెయ్యక్కా."

నా మొహం మాడిపోయింది. ఇంతమందితో పోట్లాడింది దీనికేనా అని కోపం కూడా వచ్చింది. కానీ ఆ మనిషిని నాకు నచ్చినట్టు మార్చేసుకుంటే, ఇక నేను తలుచుకునేది ఎవరిని? దండ తీసి, తడిగుడ్డతో బొట్టు తుడిచి, ఫోటో ఆమె చేతికిచ్చాను.

"మరి ఆయనకేం చేసేదమ్మా?"

"నేను దువా చేసుకుంటా. మీరు ఆయన పేరు చెప్పి ఎవురికన్నా కడుపునిండా అన్నం పెట్టండి. అంతే సాలు."

ఆమె పక్కగదిలోకి వెళ్ళిందో లేదో, బావా ఆయన భార్య వెంకటమ్మక్కా వచ్చారు. బావ కళ్ళు నేరుగా ఆకుల మీదే పడ్డాయి.

"ఆ రెండోది తియ్. అది ఈడుంటే నేను టెంకాయ కొట్టను. మొగదిక్కు లేని ఇంట్లో ఎవురు కొడతారో సూస్తా."

"నేనే కొడతా బావా. ఆ పొద్దు కొరివి పెట్టేదానికి యాడికి పోయింది మీ మొగదిక్కు?"

మొగుడు పోయినది టెంకాయ కొట్టకూడదట. రెండు దెబ్బలకే పగిలింది. చిప్పలు మా ఆయన ఆకు ముందు పెట్టాను. పక్కగదిలో రేష్మ కొంగు తలమీద కప్పుకుని, చేతులు చాచి మెల్లగా ఏదో చదువుకుంటోంది. బావ విసురుగా వసారాలోకి నడిచి, "వెంకటమ్మా, రా పోదాం," అని కేక వేశాడు.

నేను రెండో ఆకులో అన్నం, పప్పు, వంకాయ కూర, వడలు వడ్డించాను. వీధిలోకి వెళ్ళి ఎవరినైనా పిలుచుకొద్దామని లేచేసరికి, వెంకటమ్మక్క వచ్చి ఆ ఆకు ముందు కూర్చుంది.

"అక్కా, బావ పిలస్తాండాడు."

"పిలవనీ." ఆమె ఆకును దగ్గరికి లాక్కుంది. "ఆ పొద్దు ఫోన్ మోగితే సంగతి అర్థమై ఆయన పోదామని లేసినాడు పద్మావతీ. పోనీకుండా గడియేసి అడ్డం నిలబడింది నేను. నా మొగుడు నాకు మిగిలినాడు. ఈ బిడ్డ మొగుడు పోయినాడు."

రేష్మ అప్పటికే గది తలుపు దగ్గర నిలబడి ఉంది. అంతా విన్నది. ఇన్నేళ్ళూ బావ మీద పెట్టుకున్న కోపాన్ని ఎక్కడ దించాలో నాకు తెలియలేదు. తినమనడానికి నాకు నోరు రాలేదు. రేష్మే వచ్చి, నా చేతిలోని నేతిగిన్నె తీసుకుని, ఆకులో అన్నం మీద పోసింది.

"ఆయన పేరు సెప్పుకోని తినమ్మా."

"ఖాదర్‌బాషా," అంది వెంకటమ్మక్క, వసారాలో ఉన్న మొగుడికి వినబడేంత గట్టిగా. అని, ముద్ద కలిపింది.